పదో నంబరు చొక్కా చెప్పిన సంగతి

ఏ ఆటగాడు ఏ క్లబ్‌కు వెళ్తాడన్న ఊహాగానాల్లో ముప్పాతిక పొల్లే. ఆ మిగిలిన పాతికలో మాత్రం అచ్చమైన పనితనం కనిపిస్తుంది. దాన్ని దగ్గరగా చూడాలంటే 2021 ఆగస్టు 5 నుంచి 10 దాకా ఫుట్‌బాల్ ఆటగాడు లియొనెల్ మెస్సీ విషయంలో అభిమానులు చేసిన తర్కాన్ని విప్పి చూడాలి.

ఫ్రీ ఏజెంట్ సంగతి ఊహించడం మామూలు ట్రాన్స్‌ఫర్ కంటే కష్టం. కాంట్రాక్టు గడువు తీరిన ఆటగాడి మీద పాత క్లబ్ రుసుము అడగడానికి వీల్లేదని 1995 డిసెంబర్‌లో బోస్‌మన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. రుసుము ఉంటే, అది కట్టలేని క్లబ్బులు ముందే పక్కకు తప్పుకుంటాయి. అది లేనప్పుడు ప్రతి క్లబ్ అభిమానికీ ‘మనకే వస్తాడేమో’ అన్న ఆశ పుడుతుంది. అసలు వడపోత జీతం దగ్గర జరుగుతుంది. అది బయటికి కనపడదు.

మెస్సీ కాంట్రాక్టు జూన్ 30తోనే ముగిసింది. అయినా ఎవరూ కంగారుపడలేదు. జీతం సగానికి తగ్గించుకుని అయిదేళ్లు బార్సిలోనాలోనే ఉండటానికి ఆయన ఒప్పుకున్నాడు కూడా. కానీ జీతాల పరిమితి దాటిన క్లబ్ నాలుగు యూరోలు పొదుపు చేస్తే ఒక్క యూరోనే కొత్తగా ఖర్చు పెట్టాలని స్పెయిన్ లీగ్ లా లిగా అప్పటి నిబంధన. మెస్సీని ఉంచుకుంటే జీతాలు ఆదాయంలో 110 శాతానికి చేరతాయని అధ్యక్షుడు లపోర్తా చెప్పాడు. పదమూడేళ్ల వయసులో వచ్చి చేరిన మనిషిని ఆగస్టు 5న క్లబ్ వదులుకుంది.

ఆ రాత్రి మనసు చెప్పిన జవాబు మాంచెస్టర్ సిటీ. బార్సిలోనాలో మెస్సీని నాలుగేళ్లు ఆడించిన గార్డియోలా అప్పుడు అక్కడే కోచ్. ముందటి ఏడాది మెస్సీ తనను వదిలిపెట్టమని బార్సిలోనాకు నోటీసు పంపినప్పుడు అందరి నోటా మొదట వినిపించిన పేరూ అదే. అయితే అదే రోజు సిటీ వంద మిలియన్ పౌండ్లు పోసి జాక్ గ్రీలిష్‌ను తెచ్చుకుంది. అతనికి పదో నంబరు చొక్కా ఇచ్చింది. చురుకైన అభిమానులు అక్కడ ఆగి చూశారు. ఆ చొక్కా అప్పటిదాకా సెర్గియో అగ్వెరోది. అతను కాంట్రాక్టు ముగించుకుని వెళ్లింది బార్సిలోనాకే, ఈ మెస్సీ పక్కన ఆడాలనే! బార్సిలోనాలో మెస్సీ నంబరూ పదే. ఖాళీ అయిన ఆ పదిని సిటీ మెస్సీ కోసం అట్టిపెట్టలేదంటే, ఆయన వస్తాడన్న ఆలోచనే వాళ్లకు లేదు.

ఈ ముక్క పనితనం చూడండి. సిటీ మెస్సీ గురించి ఒక్క మాటా అనలేదు. వాళ్లు మాట్లాడుతున్నది వేరే ఆటగాడి గురించి. అందుకే ఆ సాక్ష్యానికి బలం. సంబంధం ఖాయమైందో లేదో పెళ్లిపెద్దల మాటల్లో తెలియదు, కల్యాణమండపానికి అడ్వాన్స్ కట్టారా లేదా అన్నదాంట్లో తెలుస్తుంది. మర్నాడు గార్డియోలా కూడా మెస్సీ తమ ఆలోచనల్లో లేడని చెప్పేశాడు.

ఇదే కొలబద్దను గుడ్డిగా పట్టుకుంటే పారిస్ క్లబ్ పీఎస్‌జీని కూడా కొట్టేయాలి, అక్కడ పది నెయ్‌మార్‌ది. తెలిసినవాళ్లు ఆ పని చేయలేదు. సిటీ విషయంలో చొక్కా వెనకున్న డబ్బును చూశారు, పారిస్‌లోనూ డబ్బునే చూశారు. ఆ వేసవిలోనే వైనాల్డమ్, సెర్గియో రామోస్, డొనారుమా ముగ్గురినీ రుసుము లేకుండా తెచ్చుకుని, జీతాలు మోయగలమని చూపించిన క్లబ్ అది. చివరికి మెస్సీ అక్కడ 30 తొడుక్కున్నాడు. బార్సిలోనా పెద్ద జట్టులో ఆయన మొదటి నంబరు అదే.

ఇబిజా సెలవుల్లో పీఎస్‌జీ ఆటగాళ్లు నెయ్‌మార్, డి మరియా, పరేదెస్, వెరాట్టిలతో మెస్సీ దిగిన ఫొటోను కూడా చాలామంది రుజువుగా చూపించారు. నాకది నాసిరకం పనే అనిపిస్తుంది. అందులో ఇద్దరు అర్జెంటీనా జట్టులో సహచరులు, నెయ్‌మార్ పాత స్నేహితుడు. ఫొటో దిగడానికి కాంట్రాక్టు అక్కర్లేదు. ఇక 9వ తేదీన లె బూర్జే విమానాశ్రయం బయట గుమిగూడిన పారిస్ జనం సరైన జవాబు పట్టుకుని ఒక రోజు ముందొచ్చారు. ఆ రోజు మెస్సీ ఇంకా బార్సిలోనా దగ్గర తన ఇంట్లోనే ఉన్నాడు. 10న దిగి, రెండేళ్లకు సంతకం చేశాడు.

ఆ రెండేళ్లూ గడిచాక అదే పరీక్ష మళ్లీ వచ్చింది. 2023 జూన్ 5న మెస్సీ తండ్రి లపోర్తాను కలిసి, కొడుకు బార్సిలోనాకు రావాలనుకుంటున్నాడని పైకే చెప్పాడు. మాటలు నమ్మినవాళ్లు సంబరపడ్డారు. జీతాల లెక్క చూసినవాళ్లు తల అడ్డంగా ఊపారు, వాళ్లదే సరైంది. అయితే ఆ లెక్క వాళ్లను అక్కడిదాకానే తీసుకెళ్లింది. బార్సిలోనాను కొట్టేశాక సౌదీ అల్ హిలాల్, అమెరికాలో ఇంటర్ మయామీ మిగిలాయి. డబ్బు తూకం సౌదీ వైపే మొగ్గింది. జూన్ 7న మెస్సీ మయామీ అన్నాడు. ఏ క్లబ్‌కు వెళ్లడో చెప్పడంలో ఈ విద్యకు తిరుగులేదు. ఎక్కడికి వెళ్తాడో చెప్పడం మాత్రం దీని వల్ల కాదు.