మీనునామములు - నిఘంటుకారుల ఉపేక్ష

తెలుగు నిఘంటువులలో చేప పేరు కంటబడినచో అర్థము చదువ నక్కరలేదు. చాలచోట్ల "మత్స్యవిశేషము" అని యుండును. అది ఏటిదో సముద్రముదో, పొలుసు గలదో మీసములు గలదో తెలియదు. పూవుల విషయమునను ఈ లోపము కలదు గాని, వానికి కవులైనను కొంత సాయపడిరి. చేపలకు ఆ దిక్కును లేదు.

వ్యుత్పత్తి విషయమున ఉపేక్ష మరింత హెచ్చు. మీనము సంస్కృతమనియు, మీను దాని వికృతియనియు మనవారు చెప్పుకొనుచు వచ్చిరి. భాషావేత్తలు బహుళముగా అంగీకరించినది ఇందుకు విపరీతము: తమిళ మలయాళ కన్నడములందును గల ఈ ద్రావిడపదమునే సంస్కృతము గైకొన్నది. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తికోశము 1961లో వెలువడినను పాత పాఠము తొలగలేదు. తెలుగున 'చేప' వ్యవహారమును ఆక్రమింపగా మీను కొర్రమీను, గండుమీను వంటి సమాసములలో తలదాచుకొన్నది. స్లావు భాషల గతియు ఇట్టిదే. లాటిను 'పిస్కిస్', ఆంగ్లపు 'ఫిష్' ఏకమూలములు కాగా, రష్యనులు, పోలులు 'రీబా' అను వేరు మాటను వాడుదురు. అయినను రష్యను 'లోసోస్' మాత్రము జర్మను 'లాఖ్స్'కు తోబుట్టువే. జాతినామము మారినను విశేషనామము నిలిచినది.

కావున పరిశీలింపవలసినవి విశేషనామములు. అందుకు రెండు భాషలు ఒకే చేపను పిలుచు చోటు కావలెను. ఖరగ్‌పూరు రైల్వే పట్టణమును ఆనుకొనియున్న హిజ్లీ అట్టిది. దానిని లోకము 1931 నాటి నిర్బంధశిబిరపు కాల్పులచేతను, 1951లో వెలసిన సాంకేతిక విద్యాలయముచేతను ఎరుగును. రైలు పనికై వచ్చిన తెలుగు కుటుంబములు ఆ పట్టణమున తరతరములుగా ఉన్నవి. తెలుగువారి బొచ్చె వంగీయులకు కాత్లా, మార్పు మాగుర్, వాలుగ బోయాల్. కొల్లేటి ప్రాంతమునుండి మంచుతో హౌరాకు పోవు శీలావతి అచట రుయి యగును. రుయి సంస్కృత 'రోహిత'మునుండి వచ్చినది, ఎఱ్ఱనిదని అర్థము. మరి శీలావతి యను పేరు చేపకెట్లు వచ్చెనో చెప్పవలసిన భారము నిఘంటుకారునిదే.

వాలుగ కథ విచిత్రమైనది. 1801లో బ్లాక్, ష్నైడరు దీనికి 'అట్టు' అను పేరిచ్చిరి. ఇది తమిళపు 'ఆట్రు వాళై', అనగా ఏటి వాలుగ, యందలి పూర్వపదమని చెప్పుదురు. 1803లో పాట్రిక్ రసెల్ విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల గ్రంథమున తెలుగు పేరునే వ్రాసెను. 1822లో హామిల్టను గంగానదీ మత్స్యగ్రంథమున వంగనామమును బట్టి 'బోయాలిస్' అనెను. తుదకు స్థిరపడిన శాస్త్రనామము 'వల్లాగో అట్టు'. లాటిను వేషము తొలగించినచో అందున్నవి ఒక తెలుగు మాటయు ఒక తమిళపు మాటయు. వాలు అనగా కత్తి గనుక ఆ చేపకు ఆ పేరు వచ్చెననుట సొంపుగా నున్నది. పొడవై చదునైన దాని మేను చూచినవారికి అసంగతమనిపింపదు. కాని తమిళపు వాళైని, కన్నడపు బాళెను పరీక్షింపక తీర్పు చెప్పుట తొందరపాటు.

పులసకు ఈ అదృష్టము పట్టలేదు. రసెల్ 'పలాసా' అని ముందే అచ్చొత్తించినను, శాస్త్రపద్ధతిని రెండు పదముల లాటిను పేరు పెట్టలేదు. అందుచే హామిల్టను 1822లో పెట్టిన 'ఇలిషా' ప్రథమమై నిలిచినది. 1829లో కువియే 'పలాసా'ను ఉద్ధరింపజూచినను, అది పర్యాయముగా మిగిలినది. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను జాతికి ఇది చిన్న నష్టము కాదు. సముద్రమున నున్నది విలస, గోదావరి నెక్కినది పులస అని గోదావరివారు చెప్పెడి భేదము ప్రసిద్ధము. ఆ నదికి దూరమైన విశాఖ తీరముననే రసెల్ పకారాదిరూపమును వినెను. అట్లైన ఆ భేదము అన్ని తీరములది కాదేమో, అన్ని కాలములది కాదేమో. స్కాట్లండు దేశీయుని చెవి పట్టిన ఆ రెండువందల పేర్ల హ్రస్వదీర్ఘములను సరిచూచుటకు భీమునిపట్టణపు జాలరియు, బోయాలును వాలుగగా గుర్తింపగల ఖరగ్‌పూరు తెలుగు ఇల్లాలును పండితునికంటె ముందు సాక్ష్యమీయవలసినవారు.