ఎవరు చేశారో ఎప్పుడు చెప్పాలి

మన బడుల్లో పాసివ్ వాయిస్ అంటే ఒక సూత్రం. కర్మను ముందుకు తేవాలి, ‘బి’ క్రియను చేర్చాలి, అసలు క్రియను మూడో రూపంలోకి మార్చాలి, కర్తను ‘బై’ పక్కన పెట్టాలి. మార్కులు వస్తాయి. వాక్యాన్ని ఎందుకు తిప్పారో మాత్రం పిల్లలకు తెలియదు.

ఆ ‘ఎందుకు’ మన పిల్లల నోటిలోనే ఉంది. తెలంగాణలోని కొండగట్టు పుణ్యక్షేత్రంలో ‘ఘాట్ రోడ్డు మూసిండ్రు’, ‘ప్రసాదం పంచుతున్నరు’ అంటారు. మూసిందెవరో, పంచేదెవరో ఎవరూ అడగరు. వినేవారికి కావలసింది రోడ్డు సంగతి, ప్రసాదం సంగతి. ‘ది ఘాట్ రోడ్ హాజ్ బీన్ క్లోజ్డ్’ చెప్పేదీ అదే. పాఠం ఇక్కడ మొదలుపెడితే ‘మూయబడినది’ అని ఎవరూ పలకని తెలుగును మధ్యలోకి లాగక్కర్లేదు.

మరి ‘బై’ ఎప్పుడు? కొండగట్టులో మొదట గుడి కట్టింది సింగం సంజీవుడనే పశువుల కాపరి అని స్థలపురాణం. ‘ది టెంపుల్ వాజ్ బిల్ట్ బై ఎ కౌహర్డ్’ అంటే, కళ్లముందున్న గుడితో మొదలై కొత్త సంగతితో ముగుస్తుంది. ఇంగ్లిష్ వాక్యంలో ఊనిక సాధారణంగా చివర పడుతుంది. కట్టింది రాజు కాదు, కాపరి అని అక్కడ తేలుతుంది.

యాక్టివ్‌తో పని జరిగే చోట పాసివ్ వద్దని ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో రాశాడు. ఆ నియమాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడింది. ‘మోర్ దాన్ సిక్స్‌టీ పీపుల్ వర్ కిల్డ్’ అన్న వాక్యంలో పోయినవాళ్లు ముందుంటారు. అదే న్యాయం. కానీ ‘ది బస్ వాజ్ ఓవర్‌లోడెడ్’ దగ్గర ఆగాలి. వ్యాకరణం సరైనదే. వందమందికి పైగా ఎక్కిన ఆ బస్సు వెనుక చాలినన్ని బస్సులు నడపని నిర్ణయాలు ఉండవచ్చు, ఆపాల్సినవాళ్ల మౌనం ఉండవచ్చు. ఆ వాక్యం వాటి జోలికే పోదు. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్ తన ప్రభుత్వ వ్యవహారం గురించి ‘మిస్టేక్స్ వర్ మేడ్’ (పొరపాట్లు జరిగాయి) అన్నదీ ఈ వాక్యనిర్మాణంతోనే.

కర్త తెలియనప్పుడు, అక్కర్లేనప్పుడు వదిలేయడం పొదుపు. జవాబు చెప్పాల్సిన కర్తను వదిలేయడం దాచడం. రెండింటికీ వ్యాకరణం ఒకటే కనుక తేడాను చదివేవారే పట్టుకోవాలి. అందుకే ‘వాయిస్ మార్చండి’ అన్న ప్రతి ప్రశ్న కింద మరొకటి ఉండాలి: ‘ఈ వాక్యంలో కర్తను వదిలేయవచ్చా? ఎందుకు?’