కెమెరా ముందు ఎవరూ నిలబడని ఫొటో

2025 ఆగస్టు నెల అమెరికన్ ‘వోగ్’ సంచికలో గెస్ అనే దుస్తుల సంస్థ ప్రకటన ఒకటి వచ్చింది. బంగారు రంగు జుట్టు గల ఒక యువతి ఒకచోట చారల పొడవాటి గౌనుతో, మరోచోట పూల డిజైను దుస్తులతో కనిపిస్తుంది. పుట మూలన, చదివేవారి కన్ను పడనంత చిన్న అక్షరాల్లో, బొమ్మను కృత్రిమ మేధతో తయారుచేశామన్న మాట ఉంది. అంటే ఆ యువతి ఎక్కడా లేదు. లండన్‌కు చెందిన సెరాఫిన్ వల్లోరా అనే చిన్న సంస్థ ఆమెను రూపొందించింది. పాఠకుల్లో చాలామంది కోపగించుకున్నారు. పత్రిక వైపు నుంచి, ఇది ప్రకటన మాత్రమేననీ తమ సంపాదకవర్గం వేసిన బొమ్మ కాదనీ వివరణ వచ్చింది.

ఇటువంటి బొమ్మను విమర్శకుడు ఏ ప్రశ్నతో చదవాలి? ఈ భాగంలో మనం చూడబోయేది అదే.

“ఫ్యాషన్ ఫొటోలు ఎప్పుడు నిజం చెప్పాయి కనుక?” అని మీరు అడగవచ్చు. ఈ ఆక్షేపణను తేలికగా తీసిపారేయకండి. 1911లో ఎడ్వర్డ్ స్టైకెన్ పాల్ ప్వారే రూపొందించిన గౌనులను ఫొటోలు తీశాడు. ఆధునిక ఫ్యాషన్ ఫొటోగ్రఫీ అక్కడ మొదలైందని చాలామంది చెబుతారు. ఆనాడే వెలుగు, నీడ, భంగిమ అన్నీ కావాలని అమర్చినవే. తరువాత మచ్చలు చెరపడం, నడుము సన్నం చేయడం మామూలైపోయింది. అది ఎంత దూరం వెళ్లిందంటే, మోడల్ ఒంటి ఆకృతిని మార్చిన వాణిజ్య ఫొటోలపై ఆ సంగతి రాసి తీరాలని ఫ్రాన్స్ 2017 అక్టోబరు నుంచి నిబంధన అమలు చేయవలసి వచ్చింది.

అయినా దిద్దడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ 1980లో ఫొటోగ్రఫీ మీద వెలువరించిన చివరి పుస్తకంలో ప్రధానంగా చెప్పింది ఇదే: ఫొటోలో కనిపించేది ఒకప్పుడు కెమెరా ముందు ఉండి తీరాలి. చిత్రకారుడు తాను చూడనిదాన్ని గీయగలడు, ఫొటోగ్రాఫర్ తీయలేడు. దిద్దిన ఫొటో కొంత అబద్ధం ఆడే సాక్షి వంటిది. ఆ సాక్షిని నిలదీయవచ్చు, అసలు నెగెటివ్ తెమ్మనవచ్చు. గెస్ బొమ్మ వెనుక నిలదీయడానికి సాక్షే లేడు. కానీ అది సాక్ష్యం వేషంలోనే మన ముందుకు వచ్చింది. నా అభ్యంతరం ఆ వేషం మీదనే. అదే గౌనును కుంచెతో గీసి అచ్చువేసి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఫ్యాషన్ ఫొటో రెండింటికి సాక్ష్యం చెబుతుంది. ఒకటి మనిషి, రెండోది బట్ట. చర్చంతా మనిషి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు బట్ట సంగతి చూద్దాం. స్పెయిన్‌కు చెందిన మాంగో సంస్థ 2024లో టీనేజీ అమ్మాయిల దుస్తులకు కృత్రిమ మోడళ్లతో ప్రచారం చేసింది. అందులో దుస్తులను మాత్రం నిజంగానే ఫొటో తీసి, వాటిని యంత్రం పుట్టించిన శరీరాలకు తొడిగించారు. బట్ట నిజమే కదా అనుకుంటాం. కానీ కొనేవారికి కావలసింది బట్ట ఒక్కటే కాదు. అది ఒంటి మీద ఎలా పడుతుందన్నది. ఆ పడే తీరును అక్కడ ఎవరూ చూడలేదు, యంత్రం ఊహించింది.

ఈ తేడా చీర విషయంలో మీకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు. అందుకే డిజైను అంచులు కాస్త చెదిరినట్లు ఉంటాయి. ఇప్పటికే ఉన్న లక్షల బొమ్మల పోలికలతో కొత్త బొమ్మ గీసే యంత్రానికి ముడి తెలియదు, మగ్గం తెలియదు. ఆ చెదురును లోపమనుకుని నున్నగా దిద్దేయవచ్చు. ఆమధ్య ఫోన్‌లో ఒక చీర ప్రకటన చూసి నేను మెచ్చుకుంటుంటే మా మనవరాలు నవ్వింది. “తాతయ్యా, కుచ్చిళ్ల దగ్గర ఒక అంచు, పైట దగ్గర ఇంకో అంచు ఉంది చూడు!” అంది. నలభై ఏళ్లు బొమ్మల గురించి పాఠాలు చెప్పినవాడి కన్ను అది!

ఇక మనిషి సంగతి. 2023 మార్చిలో లెవైస్ సంస్థ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని లాలాలాండ్ ఏఐ అనే సంస్థ తయారుచేసే మోడళ్లను వాడి చూస్తామని ప్రకటించింది. రకరకాల ఒంటి రంగులు, వయసులు, శరీరాలు కనిపించేలా చేయడం దీని ఉద్దేశమని చెప్పింది. తీవ్ర విమర్శ వచ్చాక, అసలు మోడళ్లతో ఫొటోలు తీయడం తగ్గించబోమని సర్దిచెప్పుకుంది. నల్లజాతి స్త్రీ రూపం కావాలి, ఆమెకు ఇవ్వవలసిన కూలి మాత్రం వద్దు అన్నట్లుంది ఆ మొదటి ప్రకటన. ఇది ప్రాతినిధ్యం కాదని నా అభిప్రాయం.

దీని పక్కన సెరాఫిన్ వల్లోరా స్థాపకులు బీబీసీతో చెప్పిన మాటలు పెట్టి చూడండి. రకరకాల ఒంటి రంగుల స్త్రీల బొమ్మలు తాము ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా జనం స్పందించలేదట. లావుపాటి స్త్రీలను చేయడానికి సాంకేతికత ఇంకా చాలదట. గెస్ సహ స్థాపకుడు పాల్ మార్సియానోకు పది నమూనాలు చూపితే, ఆయన ఒక బంగారు జుట్టు యువతినీ ఒక నల్లజుట్టు యువతినీ ఎంచుకున్నారట. ఎటువంటి శరీరాన్నైనా గీయగలదని పేరున్న యంత్రం దగ్గరకు వెళ్లి, ఎప్పుడూ చూసే శరీరాన్నే తెచ్చుకున్నారు. కాబట్టి “యంత్రం ఇలా చేసింది” అని మీ జవాబుపత్రంలో రాయకండి. ఎంచుకున్నవారి పేరు రాయండి.

హెచ్ అండ్ ఎమ్ సంస్థ 2025లో మరో దారి తొక్కింది. 30 మంది నిజమైన మోడళ్లకు వారి అంగీకారంతో డిజిటల్ ప్రతిరూపాలు చేయిస్తామనీ, వాటి హక్కులు మోడళ్లకే ఉంటాయనీ ప్రకటించింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్ 19 నుంచి అమలులోకి వచ్చిన ఫ్యాషన్ కార్మికుల చట్టం ప్రకారం, మోడల్ ప్రతిరూపాన్ని వాడాలంటే ఎందుకు, ఎంతకాలం, ఎంత ప్రతిఫలానికి అన్నది చెప్పి విడిగా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. గెస్ పద్ధతి కంటే ఇది మెరుగే. ఇక్కడ కనీసం అడగడానికి ఒక మనిషి ఉంది. అయితే మేకప్ చేసేవారికి, జుట్టు దువ్వేవారికి, లైట్లు పట్టుకునే కుర్రవాడికి ప్రతిరూపం ఉండదు. షూటింగే లేనప్పుడు వాళ్లను ఎవరూ పిలవరు. వాళ్ల అంగీకారం ఎవరూ అడగలేదు.

అభ్యాసం: మీ ఫోన్‌లో కనిపించే ఒక దుస్తుల ప్రకటనను ఎంచుకోండి. మడతల్లో డిజైను ఎక్కడ దాగి ఎక్కడ తేలిందో, కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, నగ చర్మాన్ని ఎక్కడ నొక్కిందో చూసి ఒక పుట రాయండి. ఎవరు నిలబడ్డారు, ఎవరికి కూలి ముట్టింది అన్న ప్రశ్నలకు ఆ బొమ్మలో ఆధారం దొరికితే చూపండి. దొరకకపోతే ఆ సంగతే రాయండి, దానికీ మార్కులుంటాయి.