కట్ట గునుగు

బతుకమ్మకు పువ్వు కొనొద్దని ఏటా ఇక్కడ రాస్తూనే ఉన్నాను. తెంపుకొచ్చిన పువ్వుకే ఆ పేరు తగునన్నది నా పాత పంతం. ఈ ఎంగిలిపూల నాడు బజారులో గునుగు కట్టలు చూసి మళ్లీ ఒళ్లు మండింది. కట్ట ముప్పై రూపాయలట. కలుపని పీకి పారేసే మొక్కకు ధరా!

సద్దుల బతుకమ్మ పేర్చేటప్పుడు మా అమ్మ గునుగు కాడలు సమంగా కోసి, కొసలు రంగునీళ్లలో ముంచి నీడన ఆరబెట్టేది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు పెట్టేది. కాడలు లోపలికి, పూలు బయటికి. నడుమ ఖాళీని కోసిన కాడలతో, ఆకులతో బిగించి కూరేది. ఆ కూరడం వదులైతే చెరువు చేరకముందే బతుకమ్మ ఒరిగిపోతుంది. ఆ గునుగంతా మా జొన్న చేనుదే. కలుపు తీసేవాళ్లు లేత మొక్కలను కూరకని ఒడిలో వేసుకునేవారు. గట్టు మీదివి మాత్రం పండుగకని ముట్టేవారు కాదు.

ఇప్పుడు ఆ చేనులో పత్తి. కలుపు కూలి కన్నా గ్లైఫోసేట్ లాంటి గడ్డిమందు చవక. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది. ఆ మందును తట్టుకునే పత్తి విత్తనానికి అనుమతే లేదు. అయినా రెండూ పల్లెల్లో దొరుకుతూనే ఉన్నాయి. రైతును అనలేను. అప్పు తెచ్చి పత్తి పెట్టినవాడికి గునుగు పువ్వులా కనబడాలంటే ఎలా? మా చేనూ కౌలుకే ఇచ్చాం. అక్కడా మందు కొడుతున్నారు. కౌలు డబ్బు నేనూ తీసుకుంటున్నాను.

"ఏడికెల్లి తెచ్చినవ్ అవ్వా?" అని బజారులో ఆ కట్టలు అమ్ముతున్న అవ్వను అడిగాను.

"రైలు కట్ట పొంటి, బిడ్డా. చేన్లల్ల ఏడున్నది? మందు కొడ్తిరి గద."

తెల్లారకముందే ఇద్దరు కోడళ్లతో పోయి కోసుకొచ్చిందట. మొత్తం కోశావా అంటే నా తెలివిని చూసి జాలిపడ్డట్టు చూసింది.

"అట్లెట్ల కోస్త? ముదిరినయి ఇడిసిపెట్టిన. ఇత్తు రాలాలె గద, మల్లేడుకు."

మా గట్టు మీది మొక్కల గురించి ఇంత ఎరుకతో మాట్లాడేవాళ్లు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. రెండు కట్టలు తీసుకున్నాను. బేరం ఆడలేదు.