దేవుడు ఊళ్లో లేని నెల

1855లో ఎడో నగరాన్ని, అంటే నేటి టోక్యోను, పెద్ద భూకంపం కుదిపేసింది. కొద్ది రోజులకే వీధుల్లోకి చెక్క అచ్చు బొమ్మలు అమ్మకానికొచ్చాయి. చాలావాటి మీద సెన్సారు ముద్ర లేదు. అంతా చాటుమాటు వ్యాపారం. నేల కింద వాలుగ చేప పొర్లితే భూమి కంపిస్తుందనీ, కషిమా దేవుడు దాన్ని బండరాయితో అదిమిపెట్టి ఉంచుతాడనీ జపాన్‌లో పాత నమ్మకం. ఊరంతా కలిసి ఆ చేపను చావబాదుతున్న బొమ్మలు కొన్ని. ఇళ్లు కూలితే పని దొరికే వడ్రంగులు దాని పక్షం వహించే బొమ్మలు మరికొన్ని.

'నమజు-ఎ' అనే ఈ బొమ్మల్లో చాలావాటిని ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. జపాన్ గ్రంథాలయాల, మ్యూజియంల సేకరణలను ఒకేచోట వెతకనిచ్చే 'జపాన్ సెర్చ్' 2020లో పూర్తిస్థాయిలో మొదలైంది.

చూడటం తేలికే, చదవడమే కష్టం. బొమ్మ చుట్టూ ఉండేది 'కుజుషిజి', గొలుసుకట్టు రాత. ఒకే ధ్వనికి పలు రూపాలుండే కన అక్షరాలను 1900లో బడి పిల్లల కోసం ఒక్కో రూపానికి కుదించారు. తర్వాతి తరాలకు పాత రాత క్రమంగా అందకుండా పోయింది. ముత్తాత రాసిన ఉత్తరం చేతికిచ్చినా నేటి జపనీయుల్లో అత్యధికులు చదవలేరు. 2021లో వచ్చిన 'మివో' అనే ఉచిత యాప్ ఫొటోలోని గొలుసుకట్టును నేటి అక్షరాల్లోకి మారుస్తుంది. తప్పులూ చేస్తుంది. అందుకే నాకు 'మిన్నా దె హోన్‌కోకు' మీద గురి ఎక్కువ. 2017లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధక బృందం మొదలుపెట్టిన ఈ వేదికలో మామూలు జనం పాత భూకంప పత్రాలను ఎత్తిరాస్తారు, ఒకరి రాతను మరొకరు దిద్దుతారు.

అక్షరం దొరికాక తేదీతో పేచీ. ఎడో భూకంపం వచ్చింది అన్సెయి శకం 2వ ఏడు, పదో నెల, 2వ రోజున. మన లెక్కలో నవంబరు 11. అలా మార్చుకుని పాతది చెరిపేశామా, బొమ్మలోని చమత్కారం చచ్చిపోతుంది. పదో నెలలో దేవుళ్లంతా ఇజుమో క్షేత్రానికి తరలిపోతారని నమ్మకం. కాపలా దేవుడు ఊళ్లో లేడు, చేపకు సందు దొరికింది! నవంబరు అంటే ఈ సంగతి ఎవరికి తడుతుంది?

మార్చడంలో తొందరపడినా చిక్కే. గెన్‌రోకు శకం 12వ ఏడంటే పట్టికలో 1699 అని ఉంటుంది. కానీ మన ఉగాది సంవత్సరంలాగే అదీ రెండు ఇంగ్లిషు ఏళ్ల మీదుగా సాగుతుంది. ఆ ఏడు పన్నెండో నెల 8వ రోజంటే 1700 జనవరి 27. అప్పుడు భూమి కంపించకుండానే జపాన్ తీరం మీద సునామీ విరుచుకుపడిందని ఊళ్ల దస్తావేజులు చెబుతున్నాయి. అది ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో పుట్టిందని 1996లో కెంజి సతాకె, ఆయన సహచరులు ప్రతిపాదించారు. అక్కడ ఉప్పునీట మునిగి చచ్చిన ఎర్ర సెడార్ చెట్ల వలయాలను తర్వాత పరీక్షిస్తే, అవి 1699 ఆగస్టుకూ 1700 మేకూ మధ్య చనిపోయాయని తేలింది. రెండు లెక్కలూ కలిశాయి.

జపాన్ మన క్యాలెండరుకు మారింది 1873లో. అంతకు ముందటి పత్రం మీ కంటబడితే రెండు తేదీలనూ పక్కపక్కనే రాసుకోండి, మూలచిత్రం లింకుతో సహా.