జాడీ లేని ఆవకాయ

ఆవకాయ ఎలా పెట్టాలో ఇప్పుడు అత్తగారిని అడిగే కోడళ్ళు తక్కువ. ఫోనుని అడుగుతారు. తప్పేం లేదు లెండి. ఫోను సాధించదు, దెప్పదు. చిక్కల్లా ఒక్కటే. అత్తగారు చెప్పిందంటే ముప్ఫయ్యేళ్ళు పచ్చడి కలిపిన చెయ్యి చెప్పినట్టు. మరి ఫోనులో చెబుతున్నది ఎవరి చెయ్యి?

నవలలు రాసుకునేదాన్ని కదా, ఏ రాత ఎదురుపడినా తూకం వెయ్యకుండా ఊరుకోలేను. ఈ వేసవిలో ఆవకాయ మీద ఇంటర్నెట్‌లో ఉన్న పేజీలు ఓ పది దాకా వరసపెట్టి చదివాను. సగానికి పైగా ఒకే మూసలో పోసినవే. ముందు ఆంధ్రుల జీవితంలో ఆవకాయ స్థానం గురించి ఓ ఉపన్యాసం. ఆ తర్వాత "రుచికరమైన ఆవకాయ తయారీ విధానం" అన్న మాటని పేరంటంలో పసుపు రాసినట్టు వరసాగ్గా ప్రతి పేరాకీ పూశారు. కొలతల కోసం కిందికి, ఇంకా కిందికి దిగాలి. తీరా దిగితే "తగినంత ఉప్పు"! ఆ తగినంత ఎంతో తెలిస్తే ఈ పేజీ మనకెందుకండీ?

అసలు సంగతేమిటంటే, ఇవి మనకోసం రాసినవి కావు. వెతికిపెట్టే యంత్రం కోసం రాసినవి. అడిగినప్పుడు జాబితాలో పైన కనిపిస్తేనే జనం వస్తారు. జనం వస్తేనే ప్రకటనల డబ్బు. ఒకే మాట పదిసార్లు అంటే, రాత బారెడు పొడుగుంటే యంత్రం మెచ్చుతుందని వీళ్ళ నమ్మకం. ఇన్ని మాటలుండాలనే లెక్క తమకేమీ లేదని గూగుల్ వాళ్ళే చెప్పారు. పాఠకులకి కనబడకుండా పేజీ వెనక గుచ్చే కీలకపదాల పట్టీని ర్యాంకుల కోసం చూడమని 2009లోనే ప్రకటించారు. 2011లో 'పాండా' అనే మార్పు తెచ్చి పసలేని పేజీలని వెనక్కి నెట్టారు. అయినా మూస మారలేదు.

పేజీల నాణ్యత చూసి చెప్పడానికి గూగుల్‌కి పరిశీలకులున్నారు. వాళ్ళ మార్కులు ఏ పేజీ స్థానాన్నీ నేరుగా మార్చవు. యంత్రం పని సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పనికొస్తాయి. వాళ్ళకిచ్చిన నియమావళిలో నైపుణ్యం, ప్రామాణికత, నమ్మకం అని మూడు కొలబద్దలుండేవి. 2022 డిసెంబరులో నాలుగోది చేర్చారు. అనుభవం! రాసినవాళ్ళు ఆ పని స్వయంగా చేసి చూశారా అని. నాలుగింటిలోనూ నమ్మకమే ముఖ్యమన్నారు. మన పెద్దవాళ్ళు కాగితం మీద పెట్టకుండానే పాటించిన సూత్రం ఇది.

సూత్రం మంచిదే. కానీ యంత్రానికి నాలుక లేదు. అది అనుభవాన్ని రుచి చూడదు, అనుభవపు గుర్తుల్ని చూస్తుంది. గుర్తులు గిల్టు నగల్లాంటివి, ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరిదో నవ్వుమొహం ఫొటో పెట్టి, కింద "పాతికేళ్ళ అనుభవం" అని రాస్తే సరి. అందుకే తక్కెడ మన చేతిలోనూ ఒకటి ఉండాలి.

నిజంగా పెట్టిన చెయ్యి రాస్తే ఇట్టే తెలిసిపోతుంది. తడి లేకుండా ముక్కలు పొడిగుడ్డతో తుడవమంటుంది. టెంకలోని జీడితో పాటు ఆ పల్చటి పొర కూడా తీసెయ్యమంటుంది. మూడోరోజు తిరగకలిపి ఉప్పు చూడమంటుంది. నూనె పైకి తేలకపోతే ఏం చెయ్యాలో చెబుతుంది. పాడయ్యే దారి తెలిసినవాళ్ళే బాగుచేసే దారి చెప్పగలరు. కనక పేజీని మెరుగుపరచడమంటే నాలుగు మాటలు చేర్చడం కాదు, నలభై మాటలు తీసెయ్యడం. కొలతని ముందుకు తేవడం. రాసిందెవరో నిజం చెప్పడం.

ఆవకాయ చెడిపోతే జాడీ కడుక్కుంటాం. అదే మూసలో అర్ధరాత్రి పసివాడి జ్వరానికి మందు చెబితే? పిల్లల మోతాదుకి వయసూ బరువూ చూడాలి. అక్కడ "తగినంత" అంటే కుదరదు. ఆరోగ్యం, డబ్బు లాంటి విషయాలకి ఆ నియమావళి పెట్టిన పేరేమిటో తెలుసా? 'మీ డబ్బు లేదా మీ ప్రాణం'. దారి కాచిన దొంగ మాటలా ఉన్నా ఉద్దేశం మంచిదే: అలాంటి పేజీలని మరింత గట్టిగా పరీక్షించమని. మనం కూడా ఆ రాత ఏ డాక్టరుదో, పేరుందో లేదో చూడాలి. లేకపోతే పేజీ మూసేసి డాక్టరుకే ఫోను చెయ్యాలి.

ఇంకో మాట. చేసినవాళ్ళు రాయకపోబట్టే చెయ్యనివాళ్ళు రాస్తున్నారు. మీలో చెయ్యి తిరిగినవాళ్ళు ఎంతమంది లేరు! నాకు భాష రాదండీ అని సిగ్గుపడకండి. ఉపన్యాసం అక్కర్లేదు, అలంకారాలు అసలే వద్దు. మూడోరోజు జాడీ మూత తీసినప్పుడు ఏం చూడాలో రాయండి, చాలు.