డార్విన్ పుస్తకం – మన ఉపమానం

మన కవిత్వంలో డార్విన్ తరచు కనిపిస్తాడు. వంగి నడిచే కోతి, కొంచెం నిటారైన వానరం, రాయి పట్టిన ఆదిమానవుడు, చివర తలెత్తిన ఆధునిక మానవుడు – ఈ వరసబొమ్మని చూసి చూసి పరిణామమంటే మెట్లెక్కటమే అనుకున్నాం. తర్వాతి మెట్టు సమాజం ఎక్కుతుందని చెప్పి కవిత ముగిస్తాం. వినటానికి బాగానే ఉంటుంది. కాని డార్విన్ రాసింది ఇది కాదు. ఉపమానం వాడే రచయితకి దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో తెలియాలి. అందుకని 'జాతుల ఉత్పత్తి'ని ఒకసారి సాహిత్యగ్రంథాన్ని చదివినట్టు చదవటం అవసరం.

1859 నవంబరులో వెలువడిన ఆ పుస్తకం మొదటి కూర్పులో 'ఎవల్యూషన్' అనే మాటే లేదు. దాని క్రియారూపం ఒక్కసారి, అదీ గ్రంథం చిట్టచివరి మాటగా వస్తుంది. బొమ్మ కూడా ఒక్కటే. మొదలు నుంచి కొమ్మలు చీలుతూ, చాలా కొమ్మలు మధ్యలోనే ఆగిపోతూ, కొన్ని మాత్రం పైదాకా సాగే రేఖాచిత్రం అది. అందులో మెట్టన్నది ఎక్కడా లేదు. ఈ లెక్కన నేటి కోతి మనకి తాత కాడు, దాయాది.

సిద్ధాంతగ్రంథం సిద్ధాంతంతో మొదలవుతుందని ఎదురుచూసే పాఠకుడికి డార్విన్ పావురాల్ని చూపిస్తాడు. తనే పెంచాడు, పెంపకందార్ల క్లబ్బుల్లో చేరాడు, ఎముకలు కొలిచాడు. తోక విసనకర్రలా విప్పేది, గొంతు ఉబ్బించేది, గాలిలో పల్టీలు కొట్టేది – ఇవన్నీ ఒకే అడవి పావురం సంతతేనని ముందు ఒప్పిస్తాడు. పెంచేవాడు నచ్చినవాటిని ఏరి జతకట్టించి ఇంత మార్పు తెస్తే, ఏరేవాడే లేని ప్రకృతిలో ఏరివేత ఎలా జరుగుతుంది? పుట్టేవి ఎక్కువ, బతికి పిల్లల్ని కనేవి తక్కువ. పుట్టినవాటిలో తేడాలుంటాయి. కొన్ని తేడాలు సంతానానికి సంక్రమిస్తాయి. ఆయన చేతిలో ఉన్న సరుకంతా ఇంతే. ఆ తర్వాత ఆరో అధ్యాయంలో తన వాదానికి ఎదురయ్యే చిక్కుల్ని, కన్ను వంటి అవయవం ఎలా ఏర్పడిందన్న ప్రశ్నతో సహా, ప్రత్యర్థుల కంటె గట్టిగా తనే చెప్పుకుంటాడు. మన విమర్శకుల్లో ఈ అలవాటు అరుదు.

పేచీ అంతా మాటల దగ్గర వచ్చింది. 'ప్రకృతి వరణం' అంటే వరించేవాళ్లెవరో ఉన్నట్టు ధ్వనిస్తుంది. ప్రకృతి ఒక వ్యక్తిలా కనబడుతోందని 1866లో వాలెస్ ఉత్తరం రాశాడు. 1864లో స్పెన్సర్ కల్పించిన 'యోగ్యతముల మనుగడ' అనే మాట మేలన్నాడు. 1869లో ఐదో కూర్పులో డార్విన్ దాన్ని చేర్చాడు. ఒక దెయ్యాన్ని వదిలించబోయి మరో దెయ్యాన్ని ఇంట్లోకి పిలిచినట్టయింది. 'యోగ్యత' అనగానే యజమానులకి అద్దంలో తమ ముఖమే కనబడింది. నిజానికి మూడో అధ్యాయంలోనే 'పోరాటం' అన్న మాటని రూపకంగా, విశాలార్థంలో వాడుతున్నానని ఆయన స్పష్టం చేశాడు. జీవులు ఒకదానిమీద ఒకటి ఆధారపడటం కూడా అందులో భాగమే. ఎడారి అంచున మొక్క నీటికోసం పడే అవస్థ కూడా ఆ లెక్కలో పోరాటమే.

డార్విన్ జంతులోకంలో తన ఇంగ్లండు సమాజాన్నే చూశాడని 1862లో మార్క్స్ ఎంగెల్స్‌కి రాశాడు. అందులో నిజముంది. మాల్తస్‌ని చదివాకే డార్విన్‌కి దారి దొరికింది. అయితే మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, విషయం నిలిచిందా అన్నది మరో ప్రశ్న. (సందర్భం వచ్చింది గనక: మార్క్స్ 'కాపిటల్'ని అంకితమిస్తానంటే డార్విన్ వద్దన్నాడన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. 1880 నాటి ఆ ఉత్తరం ఎడ్వర్డ్ ఏవలింగ్‌కి రాసిందని 1970లలోనే తేలింది.)

విషయం నిలిచింది. గలపాగస్‌లోని దాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి దశాబ్దాల పాటు ఫించ్ పిట్టల కాళ్లకి గుర్తులు కట్టి, ముక్కులు కొలిచారు. 1977లో వానల్లేవు. చిన్న గింజలు అయిపోయి గట్టి పెద్ద గింజలు మిగిలాయి. మధ్యరకం నేలఫించ్‌లు నూటికి ఎనభైకి పైగా కనుమరుగయ్యాయి. బతికినవాటిలో పెద్ద ముక్కులవే ఎక్కువ. వాటి పిల్లల ముక్కులు సగటున నూటికి నాలుగు వంతులు మందమయ్యాయి. 1983లో కుండపోత వానలు పడి దీవి చిన్న గింజలతో నిండింది. అప్పుడు కాలం చిన్న ముక్కులకి అనువుగా తిరిగింది. మరి ఏ ముక్కు 'ఉన్నతమైనది'? మన మెట్లబొమ్మలో ఈ పిట్టని ఎక్కడ నిలబెట్టాలి?

సాక్ష్యం ఇదొక్కటే కాదు. చేపకీ నాలుగుకాళ్ల జంతువుకీ నడిమి రూపం ఏ వయసు రాళ్లలో దొరకాలో ముందే అంచనా వేసి వెతికితే, 2004లో కెనడా ఉత్తరాన 37 కోట్ల ఏళ్లకి పైబడ్డ రాళ్లలో టిక్టాలిక్ దొరికింది. మన రెండో క్రోమోజోము మీద రెండు పాత క్రోమోజోములు అతుక్కున్న జాడ ఇప్పటికీ ఉంది.

మెట్లబొమ్మ మన కోరికకి అనుకూలం గనకే మనకి ఇష్టం. కోరికకి తగినట్టు జీవశాస్త్రాన్ని వంచితే ఏమవుతుందో మన శిబిరానికే అనుభవం. లైసెంకో జన్యువుల్ని తోసిపుచ్చాడు, ఒకే జాతిలో పోటీ లేదన్నాడు. 1948లో అది సోవియట్ అధికార సిద్ధాంతమయింది. అంతకు ముందే, 1943లో, విత్తనాల శాస్త్రజ్ఞుడు వవిలోవ్ సరాతోవ్ జైల్లో చనిపోయాడు. శత్రువులు చెప్పే కథ అని దీన్ని దాటెయ్యటానికి వీల్లేదు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలో పరిణామం పాఠం లేకుండా పోతే ఖండించాం. ఖండించాల్సిందే. అయితే ఆ పాఠంలో ఏముండేదో మన కవిత చెప్పగలదా?

జె.బి.ఎస్. హాల్డేన్ కమ్యూనిస్టు. పొగగొట్టాల మాంచెస్టరులో నల్లరెక్కల పురుగులు పెరిగిన తీరుని 1924లో లెక్కగట్టి, వరణం ఎంత బలంగా పనిచెయ్యగలదో చూపాడు. లైసెంకోని బహిరంగంగా కాదనటానికి తటపటాయించాడు, చివరికి పార్టీకి దూరమయ్యాడు. 1957లో మన దేశం వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకి పంపారు. ఆ సంగతి మీద తెలుగులో ఒక్క కవితయినా నా కంటబడలేదు.